చక్రాల పనిముట్ల పెట్టె

చక్రాల పనిముట్ల పెట్టె అనగా యంత్రాలు, భవనాల నిర్వహణ పనులు చేసేవారు తమ పనిముట్లను ఒకచోటి నుండి మరొకచోటికి దొర్లించుకొని తీసుకువెళ్ళడానికి ఉపయోగించే, చక్రాలు మరియు లాగుపిడి కలిగిన పెట్టె. వాడుకలో దీనిని టూల్ ట్రాలీ, ట్రాలీ టూల్‌బాక్స్ అని కూడా అంటారు. కర్మాగారాలు, విద్యుత్కేంద్రాలు, ఆసుపత్రులు, హోటళ్ళు, రైల్వే షెడ్లు, విమానాశ్రయాలలో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, ఏ.సి. మెకానిక్కులు దీనిని వాడుతారు. వర్క్‌షాపులో బాగుచేయవలసిన వస్తువు బల్ల వద్దకు వస్తుంది. నిర్వహణ పనిలో అలా కాదు, పనివాడే యంత్రం ఉన్నచోటికి వెళ్ళవలసి ఉంటుంది. నాలుగో అంతస్తులో పంపు ఆగిపోతే, కావలసిన పానా క్రింది అంతస్తులోని స్టోరులో ఉండి ప్రయోజనం లేదు.

పెట్టెలో పనిముట్లను సర్దే పద్ధతిని చాలామంది కేవలం శుభ్రతకు సంబంధించిన విషయంగా భావిస్తారు. కాని మరమ్మతుకు పట్టే సమయము, లాగేవాని చేతిమీద, నడుముమీద పడే బరువు ఈ అమరికపైనే ఆధారపడి ఉంటాయి. వీటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. పని ముగిసిన తరువాత ఏదైనా పనిముట్టు యంత్రం లోపల ఉండిపోయిందా లేదా అన్న సంగతి, సర్దిన పెట్టెను చూస్తే వెంటనే తెలుస్తుంది. సర్దని పెట్టెను చూస్తే తెలియదు.

చరిత్ర

పనిముట్లను పెట్టెలో పెట్టుకొని తిరిగే అలవాటు చాలా పాతది. స్వీడన్ దేశానికి చెందిన గోట్‌లాండ్ ద్వీపంలో మెస్టర్‌మీర్ అనే చిత్తడి ప్రాంతపు నేలను దున్నుతుండగా 1936లో ఓక్ చెక్కతో చేసిన ఒక పెట్టె బయటపడింది. ఇది వైకింగుల కాలానికి చెందినది. పెట్టె పొడవు సుమారు 90 సెం.మీ. మాత్రమే. అక్కడ 200కు పైగా వస్తువులు దొరికాయి. వాటిలో కమ్మరి పనిముట్లు, వడ్రంగి పనిముట్లు రెండూ ఉన్నాయి.

ఇంగ్లాండులోని చాతమ్ పట్టణానికి చెందిన బెంజమిన్ సీటన్ అనే వడ్రంగి పెట్టె కూడా ప్రసిద్ధమైనదే. తండ్రి 1796లో కొనియిచ్చిన పనిముట్ల కొరకు సీటన్ మరుసటి సంవత్సరం తానే ఈ పెట్టెను తయారు చేసుకున్నాడు. ప్రస్తుతం ఇది రోచెస్టర్‌లోని గిల్డ్‌హాల్ మ్యూజియంలో ఉన్నది. పనిముట్లతోపాటు వాటి జాబితా కూడా చెడిపోకుండా నిలిచి ఉండడం వలన చరిత్రకారులకు ఈ పెట్టె ఎంతో విలువైనది. పెట్టెతో పాటు జాబితా ఉండవలెనన్న నియమం ఆధునిక కర్మాగారాలలో పుట్టినది కాదని దీనివలన తెలుస్తుంది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1906లో మొదలైన గెర్స్ట్‌నర్ సంస్థ యంత్రపు పనివారి కొరకు అనేక అరలున్న చెక్కపెట్టెలను తయారు చేసింది. అదే రాష్ట్రంలో 1911లో మొదలైన కెన్నెడీ సంస్థ ఉక్కురేకు పెట్టెలకు పేరుపొందింది. మోటారు వాహనాల గ్యారేజీలు పెరిగిన తరువాత ఇటువంటి అరల పెట్టెను చక్రాలున్న బీరువాపై ఉంచి వాడడం సాధారణమయింది. ఒకదానిపై ఒకటి పేర్చి కొక్కేలతో బిగించే ప్లాస్టిక్ పెట్టెలు తరువాత వచ్చాయి. జర్మనీకి చెందిన సిస్టైనర్ 1993లోను, మిల్వాకీ సంస్థవారి ప్యాకౌట్ 2017లోను మార్కెట్టులోకి వచ్చాయి.

తెలుగునాట విడిగా పనిచేసే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు ఇప్పటికీ ఎక్కువగా భుజానికి తగిలించుకునే సంచిని గాని, మూత తెరిచినప్పుడు అరలు మెట్లవలె రెండువైపులకు విచ్చుకునే రేకు పెట్టెను గాని వాడుతారు. చక్రాల పెట్టెలు పెద్ద కర్మాగారాలలోను, శంషాబాదులోని విమాన మరమ్మతు కేంద్రాల వంటి చోట్లను కనిపిస్తాయి.

రకాలు

చక్రాల పెట్టెలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకానికి వెనుకవైపు రెండు చక్రాలు, పైకి లాగితే పొడవయ్యే పిడి ఉంటాయి. ప్రయాణపు సూట్‌కేసును లాగినట్లు దీనిని వంచి లాగుతారు. రెండవ రకం నాలుగు చక్రాలపై నిలబడే ఉక్కు అరల బీరువా. చదునైన నేలపై ఇది సులభంగా కదులుతుంది, ఎక్కువ బరువు మోస్తుంది, కాని మెట్లు ఎక్కదు, గతుకులు దాటదు. ఒకే హాలులో పనిచేసే వారికి బీరువా, అంతస్తులు మారుతూ ఆరుబయట కూడా తిరిగేవారికి రెండు చక్రాల పెట్టె అనుకూలం.

పెట్టె కొనేటప్పుడు అందరూ అరల సంఖ్య చూస్తారు గాని చక్రం వ్యాసాన్ని పట్టించుకోరు. నిజానికి రోజూ ఇబ్బంది పెట్టేది అదే. లిఫ్టు గడప, నేలపై పరచిన కేబుల్, కాలువపై కప్పిన రేకు అంచు వంటి 1.5 సెం.మీ. ఎత్తున్న అడ్డంకిని 10 సెం.మీ. వ్యాసం గల చక్రం ఎక్కవలెనంటే, ఇరుసు వద్ద అడ్డంగా లాగే బలం ఆ చక్రంపై ఉన్న బరువుతో దాదాపు సమానంగా ఉండాలి. చక్రం వ్యాసం 20 సెం.మీ. అయితే బరువులో 0.62 వంతు బలం సరిపోతుంది. గట్టి ప్లాస్టిక్ చక్రాలు సిమెంటు నేలపై పెద్ద చప్పుడు చేస్తాయి. ఆసుపత్రులలో, హోటళ్ళలో పనిచేసేవారు రబ్బరు పట్టీ ఉన్న చక్రాలనే ఎంచుకోవాలి. నాలుగు చక్రాల బీరువాకు కనీసం రెండు చక్రాలకైనా బ్రేకు ఉండాలి.

బరువు అమరిక

రెండు చక్రాల పెట్టెను వంచి లాగినప్పుడు దాని బరువంతా చక్రాలపై పడదు. కొంత భాగం లాగేవాని చేతిమీద పడుతుంది. ఆ భాగం ఎంత అన్నది పెట్టె గురుత్వ కేంద్రం ఇరుసుకు ఎంత దూరంలో ఉన్నదన్న దానిపై ఆధారపడుతుంది. ఉదాహరణకు పనిముట్లతో కలిపి పెట్టె 30 కి.గ్రా. ఉండి, పిడి ఇరుసు నుండి 100 సెం.మీ. దూరంలో ఉన్నదనుకొంటే, గురుత్వ కేంద్రం ఇరుసు నుండి 25 సెం.మీ. ఎత్తులో ఉన్నప్పుడు చేతిమీద పడే బరువు సుమారు 7.5 కి.గ్రా. సుత్తి, పైపు రెంచి, డ్రిల్లు వంటి బరువైన వస్తువులను పై అరలో పెట్టినందువలన గురుత్వ కేంద్రం 45 సెం.మీ. ఎత్తుకు పోతే అదే పెట్టె చేతిమీద 13.5 కి.గ్రా. బరువు వేస్తుంది. ఒక్క పనిముట్టు కూడా అదనంగా చేరలేదు, సర్దడంలోనే తేడా. బరువైనవి అడుగున ఉండవలెననడానికి ఇది ఒక కారణం. నిలబెట్టినప్పుడు పెట్టె తేలికగా ఒరిగిపోకుండా ఉండడం మరొక కారణం.

అరల బీరువా విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. పూర్తిగా బయటకు వచ్చే అరలను రెండు మూడు ఒకేసారి లాగితే బరువంతా చక్రాల వరుసను దాటి ముందుకు వస్తుంది, బీరువా మీదపడుతుంది. మంచి బీరువాలలో ఒక అర తెరిచి ఉండగా మరొకటి తెరుచుకోకుండా అడ్డుకునే ఏర్పాటు ఉంటుంది. లేనిచోట బరువైన పనిముట్లు అడుగు అరలో ఉండడమే రక్షణ.

చక్రాలున్నాయి కదా అని ఎంత బరువైనా నింపవచ్చుననుకోవడం పొరపాటు. పెట్టెను వ్యానులోకి ఎక్కించేటప్పుడు, మెట్ల వద్ద, కేబుల్ కాలువ దాటేటప్పుడు ఎత్తక తప్పదు. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య జాతీయ సంస్థ 1991లో సవరించిన బరువులెత్తే సూత్రంలో, అన్ని పరిస్థితులు అనుకూలంగా ఉన్నప్పుడు కూడా 23 కి.గ్రా.ను పైహద్దుగా తీసుకున్నారు. వంగి, చేతులు చాచి, పక్కకు తిరిగి ఎత్తవలసినప్పుడు ఈ హద్దు ఇంకా తగ్గుతుంది. కావున విడదీసి రెండు మూడు భాగాలుగా ఎత్తగలిగే పెట్టె మేలు. ఒక్క ముక్కగా ఉన్న పెద్దపెట్టె అయితే ఇద్దరు కలిసి ఎత్తాలి.

పనిముట్ల ఎంపిక

కొన్న సెట్టునంతా తెచ్చి పెట్టెలో నింపడం సాధారణంగా జరిగే పొరపాటు. సెట్టు అన్నది అమ్మకపు సౌకర్యం కొరకు ఏర్పడినది. ఫలానా భవనంలో, ఫలానా యంత్రంపై ఏ కొలతలు అవసరమో దానికి తెలియదు. నెల రోజులపాటు ఏ పనికి ఏది తీశారో చిన్న పుస్తకంలో వ్రాసుకొంటే, రోజూ వాడేవి ఎంత తక్కువో తెలిసి ఆశ్చర్యం కలుగుతుంది. నెలలో ఒక్కసారి కూడా బయటకు రానివి స్టోరులో ఉండవచ్చు. అయితే అరుదుగా వాడేవే అయినా అత్యవసరంలో వెంటనే కావలసినవి కొన్ని ఉంటాయి. పంపు వాల్వు కట్టివేసే కీ, లిఫ్టు తలుపు తెరిచే తాళంచెవి ఇటువంటివి. వీటిని వాడుక లెక్క చూసి తీసివేయకూడదు.

మనదేశంలో విరివిగా దొరికే రెండు నోళ్ళ పానాల సెట్టులో సాధారణంగా 12 పానాలు ఉంటాయి. అవి 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22, 21-23, 24-27, 25-28, 30-32 మిల్లీమీటర్ల కొలతలవి. ఈ సెట్టులో ప్రతి కొలతా ఒక్కసారే వస్తుంది. ఆరపార బోల్టును విప్పడానికి మాత్రం బోల్టు తలను ఒక పానాతో పట్టుకొని నట్టును మరొక పానాతో తిప్పాలి. అనగా ఒకే కొలతవి రెండు కావాలి. సెట్టు నిండుగా ఉన్నా పని ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. అందుకే అనుభవజ్ఞులు తరచుగా తగిలే కొలతలకు రింగు పానాను గాని, సాకెట్టును గాని జతగా ఉంచుకుంటారు.

తరచుగా తగిలే కొలతలు ఏవన్నది యంత్రం తయారైన దేశాన్ని, కాలాన్ని బట్టి ఉంటుంది. ఎం6 బోల్టుకు 10 మి.మీ., ఎం8 బోల్టుకు 13 మి.మీ. పానా పడుతుంది. ఎం10 బోల్టుకు పాత జర్మన్ ప్రమాణం ప్రకారం 17, ఐ.ఎస్.ఓ. ప్రమాణం ప్రకారం 16 మి.మీ.; ఎం12కు పాతది 19, ఐ.ఎస్.ఓ.ది 18. ఎం16కు 24 మి.మీ. జపాను వాహనాలలో ఎం8కు 12, ఎం10కు 14 మి.మీ. తలలు సాధారణం. ఒకే ప్లాంటులో పాత కంప్రెసరు పక్కన కొత్త మోటారు ఉన్నప్పుడు 16, 17, 18, 19 అన్నీ కావలసి వస్తాయి. ఒక మి.మీ. పెద్ద పానాతో బిగువైన బోల్టును తిప్పితే అంచులు అరిగి తల గుండ్రమవుతుంది. ఆ తరువాత ఏ పానాకూ లొంగదు, ఉలితో కొట్టవలసి వస్తుంది. అడ్జస్టబుల్ స్పానరును అన్నిటికీ బదులుగా నమ్ముకోవడం వలన కూడా ఇదే జరుగుతుంది.

అరలలో అమరిక

పనిముట్లను జాతినిబట్టి సర్దడం ఒక పద్ధతి. పానాలన్నీ ఒకచోట, స్క్రూడ్రైవర్లన్నీ ఒకచోట, ఆకురాళ్ళు ఒకచోట ఉంటాయి. పనినిబట్టి సర్దడం మరొక పద్ధతి. కుళాయి పనికి కావలసినవన్నీ ఒక చిన్నపెట్టెలో, ఫ్యాను పనికి కావలసినవి మరొకదానిలో ఉంటాయి. జాతినిబట్టి సర్దితే లెక్క చూడడం సులభం, పనినిబట్టి సర్దితే చేరడం సులభం. రెండవ పద్ధతిలో కటింగ్ ప్లేయరు వంటివి రెండు మూడు కొనవలసి వస్తుంది. పలురకాల పనులు చేసే సిబ్బంది సాధారణ పనిముట్లను జాతినిబట్టి పెట్టెలో ఉంచి, ప్రత్యేకమైన పనులకు మాత్రం వేరుగా సంచులు కట్టుకోవడం ఆచరణలో బాగా కుదిరే ఏర్పాటు.

ఏ పద్ధతిలోనైనా పై అరలో ఉండవలసినవి పని ప్రారంభించే క్రమాన్నిబట్టి నిర్ణయమవుతాయి. నిర్వహణ పనిలో మొదట చేసేది విప్పడం కాదు, ఆపడం. విద్యుత్తును ఆపి, స్విచ్చుకు తాళం వేసి, "మనుషులు పనిచేస్తున్నారు" అన్న చీటీ తగిలించి, విద్యుత్తు నిజంగా లేదని పరీక్షించిన తరువాతే చేయిపెట్టాలి. కావున తాళం, చీటీలు, టెస్టరు, మల్టీమీటరు, టార్చిలైటు, చేతితొడుగులు, కళ్ళద్దాలు మూత తీయగానే కనబడాలి. ఇవి అడుగున ఉంటే వెతికే ఓపిక లేక, ఆ మెట్టును దాటవేసే ప్రమాదముంది. వీటి పక్కనే కొలత టేపు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, అడ్జస్టబుల్ స్పానరు ఉంచుతారు. మధ్య అరలో పానాలు, అలెన్ కీలు, సాకెట్లు చిన్నదానినుండి పెద్దదాని వరకు వరుసగా ఉండాలి. సుత్తి, పైపు రెంచి, రంపం, ఉలి, డ్రిల్లు అడుగున ఉంటాయి. రసమట్టం, మూలమట్టం వంటివి దెబ్బ తగిలితే పనికిరావు కావున వీటిని సుత్తులతో కలిపి వేయకూడదు.

స్క్రూలు, వాషర్లు, ఫ్యూజులు, టెఫ్లాన్ టేపు, ఇన్సులేషన్ టేపు వంటి ఖర్చయ్యే వస్తువులకు పారదర్శకమైన మూత ఉన్న చిన్నడబ్బాలు వేరుగా కావాలి. వీటిని పనిముట్ల అరలో చల్లితే, వారం తిరిగేసరికి అర అడుగున ఒక మిశ్రమం తయారవుతుంది. యంత్రం నుండి విప్పిన నట్లు, బోల్టుల కొరకు ఒక ఖాళీ గిన్నెను ఉంచడం మాత్రం చాలామంది మరచిపోతారు. అయస్కాంతం ఉన్న గిన్నె అయితే మరీ మంచిది.

పనిముట్ల లెక్క

అమరికలో అన్నిటికంటె ముఖ్యమైన భాగం ఇదే. పనికి ముందు పెట్టెలో ఉన్న ప్రతి వస్తువూ పని తరువాత పెట్టెలో ఉండాలి. లేనిది ఎక్కడ ఉందో తెలియాలి. ఈ నియమాన్ని విమానాల నిర్వహణలో కచ్చితంగా పాటించవలసి ఉంటుంది. ఇంజనులో మిగిలిన చిన్న సాకెట్టు కూడా రెక్కలను విరగగొట్టగలదు. స్విచ్చుబోర్డులో బస్‌బార్లపై మరచిపోయిన పానా, విద్యుత్తు తిరిగి ఇచ్చిన క్షణంలో షార్ట్ సర్క్యూట్ అయి మంటల రూపంలో పేలుతుంది. గేరుబాక్సులో జారిన అలెన్ కీ పళ్ళను నమిలివేస్తుంది.

లెక్కకు పుస్తకం కంటె కన్ను వేగవంతమైనది. ఈ సూత్రంపై ఆధారపడినదే నీడబొమ్మ పద్ధతి. ప్రతి పనిముట్టుకు దాని ఆకారంలోనే ఒక స్థలం కేటాయిస్తారు. గోడబోర్డు అయితే పనిముట్టు ఆకారాన్ని రంగుతో వేస్తారు. పెట్టె అర అయితే రెండు రంగుల ఫోము పలకను వాడుతారు. పై పొర నలుపు, క్రింది పొర ఎరుపు లేక పసుపు. పై పొరలో పనిముట్టు ఆకారంలో గాడి కోస్తే, పనిముట్టు తీసినప్పుడు క్రింది రంగు మెరుస్తుంది. ముప్పై గాడులలో ఏది ఖాళీగా ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది.

దీనిని ఇంటివద్ద కూడా చేసుకోవచ్చు. పనిముట్లను పలకపై పరచి, వేళ్ళు దూరడానికి చోటు వదలి, పెన్నుతో అంచు గీసి, సన్నని కత్తితో కోస్తారు. వేలు దూరే చోటు వదలకపోతే పనిముట్టును పెకలించి తీయవలసి వస్తుంది, రెండు వారాలలో ఫోము చిరిగిపోతుంది. నీటిని పీల్చే స్పాంజివంటి ఫోము పనికిరాదు, పనిముట్టును తడిలో పెట్టినట్లవుతుంది. రంధ్రాలు మూసుకొని ఉండే పాలిథీన్ ఫోము వాడాలి. ఖర్చు తగ్గించుకోవలసినవారు ప్లైవుడ్డు పలకపై ఆకారాలు గీసి రంగు వేసినా ప్రయోజనం ఇంచుమించు అదే. ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. స్థలం చాలా తింటుంది, కొత్త పనిముట్టు చేరినప్పుడల్లా పలక మార్చాలి. కావున అన్ని అరలకూ కాకపోయినా, చిన్నవి, జారిపోయేవి అయిన సాకెట్లు, బిట్లు, అలెన్ కీల అరకు తప్పక చేయవలెను.

స్టోరు నుండి పనిముట్లు ఇచ్చేచోట ఇత్తడి బిళ్ళల పద్ధతి ఉంటుంది. పనివాడు తన సంఖ్య ఉన్న బిళ్ళను ఖాళీ అయిన చోట తగిలించి పనిముట్టు తీసుకొంటాడు. ఖాళీ చోటు ఎవరివద్ద నిండుతుందో బిళ్ళ చెబుతుంది. పలువురు కలిసి పనిచేసేచోట ప్రతి పనిముట్టుపై పెట్టె సంఖ్యను చెక్కుతారు. రెండు పెట్టెలలోనూ ఒకేలాంటి పానాలు ఉన్నప్పుడు, ఒక పెట్టెలో తగ్గినది రెండవ పెట్టె నుండి నిండిపోయి లెక్క సరిపోయినట్లు కనిపించే ప్రమాదం దీనివలన తప్పుతుంది. పనిముట్టు విరిగితే విరిగిన ముక్కలన్నీ దొరకాలి. సగం బిట్టు పెట్టెలో ఉంటే అది ఉన్నట్లు కాదు.

లెక్క ఉన్నా దానిని పాటించనప్పుడు ఏమి జరుగుతుందో 2023 డిసెంబరు నాటి సంఘటన తెలుపుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన క్వాంటాస్ సంస్థ ఎ380 విమానానికి అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో తనిఖీలు జరిగాయి. ఇంజను లోపలి భాగాన్ని త్రిప్పడానికి వాడిన 1.25 మీటర్ల పొడవైన నైలాన్ పనిముట్టు ఇంజనులోనే ఉండిపోయింది. పనిముట్టు కనబడడం లేదన్నది గుర్తించిన తరువాత కూడా, దానికై నిర్దేశించిన వెతుకులాట మొదలుపెట్టకుండానే విమానాన్ని ప్రయాణానికి విడుదల చేశారు. 2024 జనవరి 1న అది బయటపడేసరికి ఆ విమానం 34 ప్రయాణాలలో సుమారు 294 గంటలు ఎగిరింది. ఎవరికీ హాని జరగలేదు. పై సంగతులు ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ 2024 నవంబరులో వెలువరించిన నివేదికలో ఉన్నాయి. మీటరుకు పైగా పొడవున్న వస్తువే కంటికి కనిపించకుండా పోయినప్పుడు 10 మి.మీ. సాకెట్టు సంగతి చెప్పనక్కరలేదు.

1980 సెప్టెంబరు 18న అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం డమాస్కస్ వద్ద టైటాన్-2 క్షిపణి ఉంచిన భూగర్భ గొయ్యిలో జరిగిన ప్రమాదం మరింత ఘోరమైనది. నిర్వహణ పని చేస్తుండగా సుమారు 4 కి.గ్రా. బరువున్న సాకెట్టు చేతిపనిముట్టు నుండి జారి 20 మీటర్లకు పైగా క్రిందికి పడి, ఎగిరివచ్చి క్షిపణి ఇంధనపు తొట్టికి రంధ్రం చేసింది. ఆ పనికి కొత్త నిబంధనల ప్రకారం టార్క్ రెంచి వాడవలసి ఉండగా, అది పైన ట్రక్కులోనే ఉండిపోవడంతో పనివారు తమవద్దనున్న రాచెట్టుతో పని కానిచ్చారు. మరునాటి తెల్లవారుజామున జరిగిన విస్ఫోటనంలో ఒక వైమానిక సైనికుడు మరణించాడు. క్షిపణిపై ఉన్న అణ్వాయుధం పేలలేదు. పనిచోటికి బయలుదేరే ముందు పెట్టెను పనిపత్రంతో సరిచూసుకోవడం ఎందుకు అవసరమో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు. ఎత్తులో పనిచేసేటప్పుడు పనిముట్టును తాడుతో నడుముకు గాని, చేతికి గాని కట్టుకోవాలి. అంతరిక్షంలో కూడా ఈ ఇబ్బంది తప్పలేదు. 2008 నవంబరులోను, 2023 నవంబరులోను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల పనిచేస్తున్న వ్యోమగాముల పనిముట్ల సంచులు చేజారి కక్ష్యలో తేలిపోయాయి.

విద్యుత్ పనులకు సంబంధించిన జాగ్రత్తలు

పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన ఆ పనిముట్టు విద్యుత్తు నుండి రక్షణ ఇస్తుందనుకోకూడదు. చాలా తొడుగులు చేతికి పట్టు కొరకు వేసినవే. ఐ.ఇ.సి. 60900 ప్రమాణం ప్రకారం పరీక్షించిన పనిముట్లపై రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్టుల అంకె ఉంటాయి. ఇవి 1000 వోల్టుల ఏ.సి., 1500 వోల్టుల డి.సి. వరకు ఉద్దేశించినవి. వీటిని ఆకురాళ్ళు, ఉలులు, రంపపు బ్లేడులతో కలిపి వేస్తే తొడుగు గీసుకుపోతుంది. గీత లోతుగా పడిన పనిముట్టును ఆ పనికి వాడకూడదు. కావున వీటికి విడిగా అర గాని, గుడ్డ చుట్ట గాని అవసరం.

డ్రిల్లుల లిథియం బ్యాటరీలను విడిగా ఉంచినప్పుడు వాటి కొనలకు ప్లాస్టిక్ మూత పెట్టాలి. అరలో ఉన్న మేకు రెండు కొనలను కలిపితే బ్యాటరీ వేడెక్కి అంటుకోవచ్చు. స్ప్రే డబ్బాలపై 50 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడి తగలకూడదని వ్రాసి ఉంటుంది. మే నెల ఎండలో నిలిపిన వ్యానులోని రేకు పెట్టెకు ఈ హద్దు దాటడం కష్టమేమీ కాదు. అవిసెనూనె వంటి ఆరిపోయే నూనెలు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూసివుంచితే వాటంతటవే వేడెక్కి మండగలవు.

సంరక్షణ

పనిముట్లకు ప్రధాన శత్రువు తుప్పు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలి వలన ఇది త్వరగా పడుతుంది. తడిసిన పనిముట్టును తుడవకుండా పెట్టెలో వేసి మూతవేస్తే మిగిలినవాటికి కూడా తేమ అంటుతుంది. ఉక్కు భాగాలకు పలుచగా మిషను నూనె పూసి, పిడులను మాత్రం పొడిగా ఉంచాలి. సిలికా జెల్ పొట్లాలు కొంత ఉపయోగపడతాయి. నీలిరంగు గుళికలు గులాబీ రంగుకు మారితే అవి తేమతో నిండినట్లు లెక్క.

టార్క్ రెంచిని దాని డబ్బాలోనే ఉంచాలి. స్ప్రింగు రకం రెంచిని పని ముగియగానే స్కేలుపై ఉన్న కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టాలి, దానికంటె క్రిందికి వదులు చేయకూడదు. ఐ.ఎస్.ఓ. 6789 ప్రమాణం ప్రకారం వేరే ఏర్పాటు లేనప్పుడు 12 నెలలకొకసారి గాని, 5000 సార్లు వాడిన తరువాత గాని, ఏది ముందైతే అప్పుడు దాని కొలతను సరిచూపించాలి. మల్టీమీటరు తీగల పగుళ్ళను ప్రతివారం చూడాలి. చక్రాల ఇరుసుకు చుట్టుకున్న దారాలు, తీగముక్కలు తీసివేసి గ్రీజు పెట్టడం, మూత కొక్కేలను పరీక్షించడం కూడా ఇదే సమయంలో చేస్తారు. పేర్చే రకం పెట్టెలలో కొక్కెం విరిగితే పై పెట్టె మెట్లపై జారిపోతుంది.

పనిముట్ల జాబితాను ప్లాస్టిక్ కాగితంలో పెట్టి మూత లోపలివైపు అతికిస్తారు. రెండవ ప్రతి స్టోరులో ఉంటుంది. షిఫ్టు మారేటప్పుడు పెట్టెను అప్పగించేవారు, తీసుకునేవారు ఇద్దరూ కలిసి అరలు తెరిచి చూసి సంతకాలు చేస్తారు. ఈ పనికి నీడబొమ్మ అరలున్న పెట్టెకు ఒకటి రెండు నిమిషాలు చాలు. పనిముట్లన్నీ కుప్పగా ఉన్న పెట్టెను అలా అప్పగించవలెనంటే అన్నిటినీ నేలపై పరచి లెక్కించాలి. షిఫ్టు ముగిసి ఇంటికి బయలుదేరే తొందరలో ఆ పని ఎవరూ చేయరు.